టీకి రాని హాకిం

మా ఇంట్లో నాకు అనుమానప్పక్షి అని పేరు. పాలవాడు నవ్వితే నీళ్ళు ఎక్కువ కలిపాడనుకుంటాను, నవ్వకపోతే రేటు పెంచబోతున్నాడనుకుంటాను. మా ఆవిడ దీన్ని జబ్బంటుంది. ముప్పైయేళ్ళకు పైగా కచేరీలో పేష్కారుగా బతికినవాడికి ఇది జబ్బు కాదు, వంటబట్టిన విద్య అని నా వాదన. పేష్కారంటే మేజిస్ట్రేటు కుర్చీకి దిగువన బల్ల వేసుకుని కూచుని, ఏ కేసు ఎప్పుడు పిలవాలో చూసే గుమాస్తా. అబద్ధాన్ని అందంగా చెప్పేవాళ్ళనీ, నిజాన్ని అబద్ధంలా నసుగుతూ చెప్పేవాళ్ళనీ ఏళ్ళ తరబడి చూసినవాడు పాలవాడిని మాత్రం ఎలా నమ్ముతాడు చెప్పండి.

ప్రభుత్వ ఉద్యోగాల్లో కొత్తగా చేరిన మీలాంటి పిల్లలు నన్ను అప్పుడప్పుడు అడుగుతుంటారు. అధికారాల విభజన అని పరీక్షలకు బట్టీ పట్టాం గదా, అది నిజంగా ఎక్కడైనా ఉందా, పుస్తకాల్లోనే ఉందా అని. ఉంది. నేను కళ్ళారా చూశాను. మా కచేరీలో దాన్ని ప్లైవుడ్‌తో కట్టారు.

ఆ సంగతి చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి జంషెడ్‌పూర్ వచ్చి ఉక్కు కార్ఖానాలో చేరాడు. భాలుబాసాలో కాపురం. నా కళ్ళు సరిగ్గా లేవని కార్ఖానావాళ్ళు నన్ను తీసుకోలేదు. కొలిమి ముందు నిలబడి సంపాదించిన మా నాన్నకు, కొడుకు కచేరీలో కూచుని కాగితాలు తిప్పడం చాలా నామోషీగా ఉండేది. ఎవరైనా అడిగితే ‘మావోడు గవుర్మెంటులో ఉన్నాడు’ అని ఊరుకునేవాడు. అప్పటికి మా ఊరు బీహారులో ఉంది.

నేను చేరిన కొత్తలో కచేరీలో ఒకే హాకిం ఉండేవాడు. మేజిస్ట్రేటును అక్కడ అందరూ హాకిం అనేవారు. ఊళ్ళో గొడవ జరిగితే పోలీసులను పంపించేది ఆయనే. ఆ పోలీసులు పట్టుకొచ్చినవాడు నేరం చేశాడో లేదో తేల్చేదీ ఆయనే. పొద్దున్న లాఠీకి సెలవిచ్చిన మనిషే మధ్యాహ్నం ఆ లాఠీ దెబ్బ న్యాయమైనదా కాదా అని తీర్పు చెప్పేవాడన్నమాట. డెబ్బైల నడుమ కొత్త చట్టం వచ్చి ఇది కూడదంది. శాంతిభద్రతలు చూసే హాకిం వేరు, నేర విచారణ చేసే హాకిం వేరు అంది. మొదటాయన జిల్లా యంత్రాంగం మనిషి, రెండో ఆయన హైకోర్టు కింద మనిషి. మేం వాళ్ళను పెద్ద హాకిం, చిన్న హాకిం అనుకునేవాళ్ళం.

చట్టం విడదీసింది సరే, గది ఒకటే. అందుకని పెద్ద గదికి నడిమధ్య ప్లైవుడ్ గోడ లేపారు. మరుగుదొడ్డి పెద్ద హాకిం వైపు పడిపోయింది. చిన్న హాకిం పాపం ఏం చేస్తాడు? అందుకని గోడకు ఒక తలుపు పెట్టారు. హాకింలను విడదీసినవాళ్ళు గుమాస్తాలను విడదీయడం మరిచిపోయారు. నేను చిన్న హాకిం దగ్గర పనిచేస్తున్నా, నా బదిలీ, నా క్వార్టరు ఇంకా అటువైపు వాళ్ళ చేతుల్లోనే ఉండేవి. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే తర్వాత నా ప్రాణం మీదికి తెచ్చింది ఇదే.

పెద్ద హాకిం చెడ్డవాడనుకునేరు. అలా అయితే నాకు చెప్పడం సులువుగా ఉండేది. ఆయన చాలా మంచివాడు. ఛప్రా వైపు మనిషి, భారీ విగ్రహం, గోడలు అదిరేటట్టు నవ్వు. మా నాన్న పోయినప్పుడు శ్మశానం దాకా నడిచి వచ్చాడు. చప్రాసీ కూతురి పెళ్ళికి తన జీపు ఇచ్చాడు. ఎవరింట్లో ఎవరికి జ్వరమో ఆయనకు తెలిసేది. మేమంతా ఆయన్ని ప్రేమించాం, ఇప్పటికీ ఆయన పేరు తలిస్తే నాకు ఆప్యాయంగానే ఉంటుంది.

నాలుగింటికి టీ. మా చప్రాసీది టెక్కలి వైపు. వరసకు ఏమీ కాకపోయినా నేను మావా అని పిలిచేవాణ్ణి. మావ కెటిలూ గ్లాసులూ పట్టుకుని పెద్ద హాకిం గదిలోకి వెళ్ళగానే, చిన్న హాకిం ఆ నడిమి తలుపు తోసుకుని అటు వెళ్ళేవాడు. ఏ పనిమీదనో పోలీసు ఇన్‌స్పెక్టరూ సరిగ్గా ఆ వేళకే తగిలేవాడు. టీ అయ్యేసరికి ఎవణ్ణి జైలుకు పంపాలో, ఎవణ్ణి ఇంటికి పంపాలో తేలిపోయేది. చిన్న హాకిం మూతి తుడుచుకుంటూ తిరిగొచ్చి, అప్పుడే ఆలోచిస్తున్నట్టు మొహం పెట్టి ఆర్డరు చెప్పేవాడు. కొత్త చట్టం వచ్చాక ముగ్గురు చిన్న హాకింలు మారారు, ముగ్గురూ టీ తాగారు. రోజూ టీకి రావడం ఎంత ఆనవాయితీ అయిపోయిందంటే, టీ దగ్గర ఎప్పుడైనా ఆయన కుర్చీ ఖాళీగా ఉంటే చిన్న హాకిం సెలవులో ఉన్నాడనే అర్థం. వేరే ఎవరూ వాకబు చేసేవాళ్ళు కారు.

ఎనభైల మొదట్లో నాలుగో ఆయన వచ్చాడు. చిన్న వయసు, బక్క పలచని మనిషి, మాటలు లెక్కపెట్టి ఖర్చుపెట్టేవాడు. మొదటి రోజు మావ వెళ్ళి టీ సిద్ధమని చెప్తే, నాకు అలవాటు లేదన్నాడు. రెండో రోజు పెద్ద హాకిం స్వయంగా తలుపు తీసి పిలిచాడు. ఈయన లేచి నిలబడి నమస్కారం పెట్టి, పని ఉందన్నాడు. ఆ వారంలోనే వడ్రంగిని పిలిపించి నడిమి తలుపుకు మేకులు కొట్టించేశాడు.

మేకులు కొట్టించాక ఆయనకు మరుగుదొడ్డి లేకుండా పోయింది. వరండా చివర కక్షిదారులు వాడే దొడ్డి ఒకటి ఉండేది, దాని వాసన గేటు దాకా వచ్చేది. ఈయన గొడుగేసుకుని, బేడీలవాళ్ళనూ, వకీళ్ళనూ, వేరుశనగలమ్మేవాణ్ణీ దాటుకుంటూ అక్కడికి వెళ్ళేవాడు. వెనక కచేరీ కచేరీ అంతా నవ్వేది. పెద్ద హాకిం మాత్రం నవ్వలేదు. టీవేళకు చిన్న హాకిం కోసం ఒక కుర్చీ వేయించడం, ఒక గ్లాసు పోయించడం మానలేదు. అది మర్యాదో, ఎత్తిపొడుపో నాకు తెలియదు. చల్లారిపోయాక ఆ టీ మావ తాగేవాడు.

“టీ తాగడు, పాను నవల్డు, నవ్వడమా నవ్వడు. ఏటి బాబూ, మనిసేనా ఈయన?” అన్నాడు మావ ఒకరోజు.

నాకు మనిషా కాదా అని కాదు, ఎలాంటి మనిషి అని అనుమానం. తలుపు మూసుకునేవాడు ఏదో దాచుకోవడానికే మూసుకుంటాడని నా సిద్ధాంతం. టీ అయితే నలుగురిలో తాగేది. ఈయన నలుగురిలో ఏదీ ముట్టడంటే ఎక్కడో ఒంటరిగా పెద్ద ముద్దే మింగుతున్నాడన్నమాట. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లి రకం అని తీర్మానించి నిఘా పెట్టాను. ఒక ఆదివారం సాక్చీ బజారులో ఆయన కూరగాయల బండి దగ్గర నిలబడి ఉన్నాడు. పక్కనే ఒక పెద్ద కంట్రాక్టరు దగ్గర లెక్కలు రాసే మున్షీ. ఇద్దరూ ఒకే గంపలో చెయ్యి పెట్టారు. ఆ గంపలో ఉన్నవి కాకరకాయలని చూశాను కూడా. అయినా ఇద్దరి చేతులూ కలిశాయి అని మావతో చెప్పాను. మంగళవారానికి ఆ కబురు లంచంగా ఇచ్చిన కారైంది. గురువారానికి కారు రంగు తెలుపని కూడా తేలింది.

మా కచేరీలో ఒక ముసలి బెంగాలీ వకీలు ఉండేవాడు. కేసులు తగ్గిపోయి, తీరిక ఎక్కువై, వరండాలో కూచుని అందరికీ ఉచిత సలహాలిచ్చేవాడు. నా పరిశోధన విని ఆయన పళ్ళులేని నోటితో తెగ నవ్వాడు. నువ్వు అతని సంచీలో ఏముందో చూస్తున్నావు, అతని గుణగణాల రిపోర్టు ఏటేటా ఎవరు రాస్తారో చూడు అన్నాడు. పాతరోజుల్లో హాకిం రిపోర్టు జిల్లా అధికారి రాసేవాడు. అందుకని హాకిం జిల్లా అధికారికీ, ఆయన పోలీసులకీ కోపం రాకుండా చూసుకునేవాడు. ఇప్పుడు ఇతని రిపోర్టు పైకోర్టు చూస్తుంది. ఇన్‌స్పెక్టరుకు కోపమొచ్చినా, మీ పెద్ద హాకింకు మనసు నొచ్చినా ఇతనికి వెంట్రుక కూడా ఊడదు. మిగతా ముగ్గురికీ అంతే, కాని వాళ్ళకు అది గుర్తు లేదు, ఇతనికి ఉంది. అంతే తేడా అన్నాడు.

మీకు నవ్వొస్తుందేమో గాని, ఆ మాటతో నా అనుమానం సగం తగ్గింది. ఊరికే నిజాయితీగా ఉన్నానంటే నేను నమ్మను. నిజాయితీగా ఉంటే నష్టం లేనివాణ్ణి మాత్రం కొంత నమ్మవచ్చు. మిగతా సగం అనుమానం నా దగ్గరే ఉంచుకున్నాను, ఎందుకైనా మంచిదని.

ఇక ఆ రోజు. వానాకాలం, పొద్దుట్నుంచీ ముసురు. నేనేదో ఫైలు తడిసిందని మావను తెలుగులో తిడుతుంటే, వరండాలో గోడకు చేరగిలబడి ఉన్న ఒకావిడ లేచి వచ్చింది. పచ్చటి ప్లాస్టిక్ షీటు కప్పుకుని ఉంది. టాటానగర్ స్టేషన్ అవతలి బస్తీలో ఉంటారట. ఆవిడ ఇటుకలు మోస్తుంది, భర్త ఒక కార్ఖానాలో కంట్రాక్టరు కింద పరంజాలు కడతాడు. వారం కిందట వాళ్ళ ముఠాలో ఒకడు పరంజా మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. పడకుండా కట్టుకునే బెల్టులు ఇచ్చేదాకా ఎవరమూ ఎక్కం అని ఈవిడ భర్త మిగతావాళ్ళను కింద కూచోబెట్టాడు. ఆ పొద్దున్నే గేటు దగ్గర పోలీసులు అతన్ని పట్టుకుపోయారు. కంట్రాక్టరు మున్షీని చంపుతానని బెదిరించాడట.

“చంపుతానని ఎవుల్నీ అన్లేదు బాబూ. ఎక్కనన్నాడు, అంతే. జేలుకెల్తే గేటు పాసు తీసీత్తారు. పాసు పోతే గుడిసి కాలీ చేయమంతారు. ఇక్కడికే తెత్తారంట గదా?”

ఇక్కడికే తెస్తారు, కూచో అమ్మా అన్నాను. అది నిజమే. నేరం మోపి పట్టుకున్నవాణ్ణి చిన్న హాకిం ముందే పెట్టాలి. జైలుకు పంపాలా వద్దా అన్నది ఆయన చూడాలి. ఒక్క మినహాయింపు ఉంది. చిన్న హాకిం అందుబాటులో లేకపోతే పెద్ద హాకిం ఏడు రోజుల దాకా జైలుకు పంపవచ్చు. ఏడు రోజులు చాలు గేటు పాసు పోవడానికి.

నాలుగు దాటింది. అతన్ని తీసుకురాలేదు. కాసేపటికి మావ ఖాళీ గ్లాసులతో వచ్చి, నా చెవి దగ్గర వంగి చెప్పాడు. ఇన్‌స్పెక్టరు అతన్ని అటువైపు మెట్ల మీదుగా పెద్ద హాకిం గదిలోకి తీసుకెళ్ళాడట. చిన్న హాకిం అందుబాటులో లేరని చెప్పాడట. పెద్ద హాకిం తన ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీ వైపూ, ముట్టని గ్లాసు వైపూ చూసి, సంతకం పెట్టేశాడట.

ఖాళీ కుర్చీ చూసి లేడనుకోవడం ఎప్పటి అలవాటో. ఆ మనిషి రోజూ కావాలనే రావడం లేదని తెలిసి కూడా పెద్ద హాకిం చెయ్యి దాని దారిన అది పోయింది. ఇన్‌స్పెక్టరుకు మాత్రం అలవాటు కాదు, తెలివి. చిన్న హాకిం మూడు గజాల అవతల గోడకు ఇటుపక్క కూచుని ఉన్నాడు. చెప్తే పెద్ద హాకిం మీద చెప్పినట్టు. చెప్పకపోతే ఆ ప్లాస్టిక్ షీటు ఆవిడ మొహం చూడాలి. నేను ఎటూ తేల్చుకోకుండానే చిన్న హాకిం గొడుగు తీసుకుని లేచాడు, వరండా చివరికి వెళ్ళడానికి.

తలుపుకు మేకులు లేని రోజుల్లో హాకిం అనేవాడు వరండాలో కనిపించేవాడే కాదు. ఆవిడ అడ్డంగా వెళ్ళి కాళ్ళ మీద పడింది. చిన్న హాకిం రెండడుగులు వెనక్కి వేశాడు. ఆయనకు ఆవిడ మీద కూడా అనుమానమే అనిపించింది నాకు, ఎవరైనా పంపించి నాటకం ఆడిస్తున్నారేమోనని. బయట నేనేమీ వినను, చెప్పేది ఉంటే లోపలికొచ్చి అందరి ముందూ చెప్పు అని హిందీలో అన్నాడు. అని, వెళ్ళాల్సిన చోటికి వెళ్ళకుండానే వెనక్కి వచ్చి సీట్లో కూచున్నాడు. మావ మొహంలో మొదటిసారి ఆయన మీద జాలి కనిపించింది.

ఆవిడ సగం హిందీ, సగం తెలుగులో చెప్పింది. తెలుగు ముక్కలు నేను హిందీ చేశాను. అంతా విని ఆయన ఇన్‌స్పెక్టరును పిలిపించాడు. ఇన్‌స్పెక్టరు వచ్చి మడమలు టక్కున కొట్టి, హుజూర్ అందుబాటులో లేకపోవడం వల్ల అటు తీసుకెళ్ళామని చెప్పాడు. ఖైదీ జైలు వ్యానులో ఎక్కేశాడట కూడా.

చిన్న హాకిం తల తిప్పి నావైపు చూశాడు.

“పేష్కార్ బాబూ, నాలుగు గంటలప్పుడు నేను ఎక్కడ ఉన్నాను?”

గదిలో వకీళ్ళంతా నావైపు తిరిగారు. ఇన్‌స్పెక్టరు నా మొహం మీంచి చూపు తీయలేదు. నా క్వార్టరు అటువైపు చేతిలో ఉంది, నా బదిలీ అటువైపు చేతిలో ఉంది. నా తండ్రి పాడె వెంట నడిచిన మనిషి గోడకు అటుపక్క ఉన్నాడు. ‘నేను రికార్డు గదికి వెళ్ళాను హుజూర్, గమనించలేదు’ అనే వాక్యం నా నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు నా జబ్బు అడ్డం పడింది. ఈయన నన్ను పరీక్షిస్తున్నాడేమో, నేను సీట్లోనే ఉన్నానని ఈయనకు ముందే తెలుసేమో, ఈ వకీళ్ళలో ఎవడో ఒకడు రేపు నా మీద చాడీలు మోస్తాడేమో అని వెయ్యి అనుమానాలు ఒక్కసారి వచ్చాయి.

“ఇక్కడే హుజూర్. ఇందాక వరండాలోకి లేచేదాకా కుర్చీ దిగలేదు,” అన్నాను.

నేను నిజం చెప్పింది ధైర్యంతో కాదు, అనుమానంతో. మీరు నన్ను పొగడకుండా ఉండాలని చెప్తున్నాను.

వ్యాను ఆపి అతన్ని తెచ్చారు. ఎముకల గూడులాంటి మనిషి, పెదవి చిట్లి ఉంది. చిన్న హాకిం ఇటు ఇన్‌స్పెక్టరు మాటా, అటు అతని మాటా విన్నాడు. చంపుతానన్న మాట ఎవరు విన్నారని అడిగితే మున్షీ తప్ప ఇంకెవరూ లేరు. ఇతని సొంత పూచీ మీద విడిచిపెట్టండి అన్నాడు. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అయిపోయిందనుకున్నాను.

అయిపోలేదు. అతను గుమ్మం దాటాడో లేదో ఇన్‌స్పెక్టరు మళ్ళీ చెయ్యి పట్టుకున్నాడు. ఈసారి నేరం కాదు. శాంతికి భంగం కలిగిస్తాడేమోనని ముందు జాగ్రత్త. చేసిన పనికి కాకుండా, చేస్తాడేమోనన్న అనుమానానికి పట్టుకునే సెక్షన్ ఒకటి ఉంది. అది పూర్తిగా పెద్ద హాకింది. గట్టి జామీనుదార్లను తెమ్మని ఆయన అడిగితే, కూలివాడు ఎక్కణ్ణుంచి తెస్తాడు? తేలేకపోతే మళ్ళీ అదే వ్యాను, అదే జైలు.

ఆవిడ పరుగెత్తుకుంటూ లోపలికొచ్చింది. చిన్న హాకిం విన్నాడు. అది నా అధికారంలోది కాదు, గోడకు అవతలిది నేను ముట్టుకోకూడదు అన్నాడు. చాలా మామూలుగా అన్నాడు. ఆ క్షణంలో ఆయన మీద నాకు వచ్చినంత కోపం జన్మలో ఎవరి మీదా రాలేదు. ఇంతేనా నీ విభజన, ఎడమచేత్తో విడిపించి కుడిచేతికి అప్పగించడానికా మేకులు కొట్టించావు అని అరవాలనిపించింది. మనసులో ఆ తెల్లకారు మళ్ళీ వచ్చి నిలబడింది.

కాని ఆయన లేవలేదు. మామూలుగా ఆ వేళకు కోర్టు ఎత్తేసేవాడు. ఆ రోజు ఎత్తేయలేదు. వకీళ్ళను నిశ్శబ్దంగా ఉండమన్నాడు. పంకా ఆపమన్నాడు, కాగితాలు ఎగురుతున్నాయని. తడిసిన కాగితాలు ఎలా ఎగురుతాయో నాకు అర్థం కాలేదు. పంకా ఆగింది. ప్లైవుడ్ గోడ ఎంత పలచనో అప్పుడు తెలిసింది. అవతల కుర్చీ జరిపితే మా బల్ల దగ్గర వినిపించింది. ఇవతల ఇంత మంది ఊపిరి బిగబట్టి కూచున్నారని అవతలివాళ్ళకూ తెలిసిపోయి ఉంటుంది.

పెద్ద హాకిం గదిలోంచి ఎప్పుడూ ముందు నవ్వు వినిపించేది. ఆ సాయంత్రం నవ్వు లేదు. ఇన్‌స్పెక్టరు గొంతు గడగడా చెప్పుకుపోయింది. ఆపైన పెద్ద హాకిం గొంతు, మెల్లగా, ప్రతి మాటా విడివిడిగా.

“కిస్‌నే దేఖా?”

ఎవరు చూశారు అని. అన్నేళ్ళలో ఆయన ఇన్‌స్పెక్టరును ఆ ప్రశ్న అడగడం నేను వినలేదు. టీ తాగుతూ మనిషిని మనిషి ఎలా అడుగుతాడు? ఇన్‌స్పెక్టరుకూ అది కొత్తే, తడబడ్డాడు. అందరికీ భయంగా ఉంది హుజూర్ అన్నాడు. అందరూ అంటే ఎవరు, పేరు చెప్పు, పిలిపించు అన్నాడు పెద్ద హాకిం. బెల్టు కావాలనడం శాంతికి భంగమా అన్నాడు. చివరికి, నువ్వు గొడవ చేస్తావా అని ఆ మనిషినే అడిగాడు. చేయను, బెల్టిస్తే ఎక్కుతాను అన్నాడతను వచ్చీరాని హిందీలో. జామీనుదార్లు అక్కర్లేదు, నీ మాట చాలు, పో అన్నాడు పెద్ద హాకిం.

ఇవతల చిన్న హాకిం కలం మూసి, పంకా వెయ్యమన్నాడు.

ఎందుకు వదిలాడంటే నా దగ్గర నాలుగు జవాబులున్నాయి. గోడ అవతల వింటున్నారన్న బెరుకు కావచ్చు. తనతో అబద్ధపు కాగితం మీద సంతకం పెట్టించాడని ఇన్‌స్పెక్టరు మీద కోపం కావచ్చు. పరువు కావచ్చు. మంచితనమే కావచ్చు, ఆయనకు అది ఎప్పుడూ ఉంది. నాకు తెలిసిందల్లా, ఆ మంచితనం అన్నేళ్ళూ ఉండి కూడా ఆ ప్రశ్న అడగలేదు. తనతో టీ తాగనివాడు ఒకడు గోడ అవతల కూచుంటే గాని అడగలేదు. రాజ్యాంగాలు రాసేవాళ్ళు మహానుభావులని మీ పుస్తకాల్లో ఉంటుంది. నన్నడిగితే వాళ్ళు నాకంటే పెద్ద అనుమానప్పక్షులు. మంచివాళ్ళను కూడా నమ్మలేదు.

మూడు నెలలు తిరక్కుండా నన్ను ఊరికి దూరంగా ఒక చిన్న కచేరీకి బదిలీ చేశారు. క్వార్టరు పోయింది. మా ఆవిడ పిల్లలతో భాలుబాసాలో మా అమ్మ దగ్గర ఉండిపోయింది. రెండేళ్ళు బస్సుల్లో నలిగాను. అది పెద్ద హాకిం పనేనని మావ గట్టిగా నమ్మాడు. పెద్ద హాకిం మాత్రం నేను వెళ్ళేరోజు గేటు దాకా వచ్చి, తన సొంత గొడుగు నా చేతిలో పెట్టాడు. బదిలీ తనే చేయించినందుకు ఇచ్చాడా, చేయించనందుకు ఇచ్చాడా అని ఆ గొడుగు చిరిగిపోయేదాకా ఆలోచించాను, తేలలేదు. చిన్న హాకిం నాకు ఒక్క మాట సాయం చేయలేదు. గుమాస్తాల బదిలీ తన అధికారంలోది కాదన్నాడు. నిజమే మరి.

కాని ఇప్పుడు ఇంతసేపూ మిమ్మల్ని కూచోబెట్టింది ఆ బదిలీ గురించి చెప్పడానికి కాదు. అదే సాయంత్రం నేను గొళ్ళెం పెట్టించి కిందికి దిగేసరికి, ఆ మొగుడూ పెళ్ళాం మెట్ల దగ్గరే ఉన్నారు. ముసురు తగ్గింది. అతను బీడీ వెలిగించుకోవడానికి అగ్గిపుల్లలతో కుస్తీ పడుతున్నాడు. రేపు పొద్దున్న గేటు దగ్గరికి పాసు తీసుకునే వెళ్తానని చెప్పాడు. ఆవిడ నన్ను చూసి ముందుకు వచ్చింది. దండం పెడుతుందేమోనని ఇబ్బందిగా నిలబడ్డాను. పెట్టలేదు.

“బాబూ, ఒకాయన వదిలీమన్నాడు. మల్లీ ఇంకొకాయన దగ్గిరికి లాక్కెల్లారు. ఆయనా పొమ్మన్నాడు. నాకు తెలక అడుగుతాను, ఈల్లిద్దర్లో గవుర్మెంటెవులు?”

ఇద్దరూనమ్మా అన్నాను. ఒకరు తప్పు చేస్తే ఇంకొకరు పట్టుకోవాలని ఇద్దర్ని పెట్టారు అన్నాను. ఆ రోజుకు నాకు కాస్త గర్వంగానే ఉంది, చట్టం నాకు బాగా అర్థమైనట్టు చెప్పాను. ఆవిడ ఆలోచించింది. మొగుడు చల్ చల్ అని తొందరపెడుతున్నా కదలలేదు.

“మరి ఇద్దరూ కలిసి ఒక మాటనీసుకుంటే మా గతేటి బాబూ?”

నా జవాబు కోసం ఆవిడ ఆగలేదు, షీటు మడిచి చంకలో పెట్టుకుని మొగుడి వెంట వెళ్ళిపోయింది. నేను అక్కడే నిలబడి, కొత్త చట్టం వచ్చిన దగ్గర్నుంచి ఈ హాకిం వచ్చేదాకా, ఇద్దరూ కలిసి టీ తాగిన ఆ ఏళ్ళలో, వరండాలో గోడకు చేరగిలబడి ఎదురుచూసిన ఆడవాళ్ళ మొహాలు గుర్తు చేసుకోవాలని చూశాను. రోజూ నా బల్లకు నాలుగడుగుల దూరంలో కూచున్నవాళ్ళే. ఒక్క మొహమూ గుర్తు రాలేదు.